బైట్ ది బుల్లెట్: 1857 తూటాలకూ ఈ జాతీయానికీ సంబంధం ఉందా?

మీరు అడిగినవి మూడు సంగతులు. "బైట్ ది బుల్లెట్" అనే ఇంగ్లీషు జాతీయానికి సరైన అర్థమేమిటి? మీరట్‌లో సిపాయిలు కొవ్వు పూసిన తూటాలను పళ్ళతో కొరకాల్సి రావడం వల్లే ఈ మాట పుట్టిందని మీకు వాట్సాప్‌లో వచ్చిన సందేశం నిజమేనా? లేక మీ కోచింగ్ సెంటర్ సారు చెప్పినట్టు, మత్తుమందు లేని కాలంలో ఆపరేషన్ బల్ల మీద రోగి నోట్లో తూటా పెట్టి కొరకమనేవాళ్ళా?

ముందు క్లుప్తంగా చెప్తాను. 1857 కథ నిలబడదు. ఆపరేషన్ కథలో కొంత నిజం ఉండవచ్చుగానీ సినిమాల్లో చూపించినంత లేదు. చేతికి అందుతున్న గట్టి ఆధారాల్లో పాతది 1796లో అచ్చయింది. అది బ్రిటిష్ సైన్యంలో కొరడా దెబ్బలు తిన్న మామూలు సైనికుల గురించి. నేను డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. జాతీయాల పుట్టుక వెతకడం నాకు ఇష్టమైన పని. అయినా ఈ ఒక్కదాని గురించి కాస్త పట్టుదలగా రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ తప్పు కథ నమ్మితే అర్థమే తలకిందులవుతుంది.

అర్థంతో మొదలుపెడదాం. తప్పించుకోలేని బాధాకరమైన పనో, చేదు నిర్ణయమో ఒకటి ఎదురుగా ఉంది. ఇన్నాళ్ళూ ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తూ వచ్చాం. ఇక కుదరదని గ్రహించి, నొప్పి ఉంటుందని తెలిసే, మనంతట మనం దానికి సిద్ధపడతాం. ఈ జాతీయం చెప్పేది అదీ. జ్ఞానదంతం పీకించుకోవడానికి భయపడి నెలల తరబడి మాత్రలతో నెట్టుకొస్తున్న మనిషి చివరికి వెళ్ళి డాక్టరు కుర్చీలో కూర్చుంటే "హీ ఫైనల్లీ బిట్ ది బుల్లెట్" అంటారు. నష్టాల్లో ఉన్న దుకాణం మూసేయడం, దగ్గరి స్నేహితుడితో బాకీ సంగతి తేల్చుకోవడం, ఎన్నికలు దగ్గర పడుతున్నా ప్రభుత్వం ఛార్జీలు పెంచడం, వీటన్నిటికీ ఈ మాట పనికొస్తుంది.

ఇందులో ప్రాణం నిర్ణయంలో ఉంది. జ్వరం వచ్చి మంచాన పడ్డవాణ్ణి ఈ మాటతో చెప్పలేం, వాడికి ఎంచుకునే అవకాశమే లేదు కాబట్టి. జ్వరం వస్తుందని తెలిసి కూడా టీకా వేయించుకున్నవాణ్ణి చెప్పవచ్చు. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "కష్టాలు అనుభవించాడు" అనే ప్రతిచోటా దీన్ని వాడేస్తారు. మన "పంటి బిగువున భరించాడు" అన్నది దీని పాత అర్థానికి బాగా దగ్గర. "గుండె రాయి చేసుకుని" చేశాడన్నది ఇవాళ్టి వాడుకకు దగ్గర. అనువాదం చేయాల్సి వస్తే సందర్భాన్ని బట్టి ఈ రెంటిలో ఒకటి తీసుకోండి. "తూటా కొరికాడు" అని మాత్రం రాయకండి, తెలుగులో ఆ మాటకు ఏ అర్థమూ లేదు.

ఇక 1857. ఈ కథ మన దేశంలో ఇంతగా ఎందుకు తిరుగుతోందో నాకు తెలుసు. మనందరం హైస్కూలు సోషల్ పుస్తకంలో కొవ్వు పూసిన తూటాల పాఠం చదివాం. కొరకడం, తూటా, సైన్యం మూడూ ఒకే పేజీలో కనిపిస్తాయి. జాతీయంలోనూ అవే ఉన్నాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది.

అసలు జరిగింది చూడండి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు వాడే తూటా, ఇవాళ మనం తూటా అనుకునే ఇత్తడి వస్తువు కాదు. అది కాగితపు గొట్టం. ఒక పక్క మందుగుండు పొడి, రెండో పక్క సీసపు గుండు. గుండు ఉన్న కొసకు బయట కొవ్వు పూసేవారు, తుపాకీ గొట్టంలోకి సులువుగా జారడానికి. సైనికుడు పొడి ఉన్న కొసను పళ్ళతో చింపి, పొడిని గొట్టంలో పోసి, తర్వాత తూటాను తిప్పి గుండు ఉన్న కొసను గొట్టం మూతిలో దించి కడ్డీతో కూరేవాడు. అంటే పళ్ళకింద పడేది గుండు కాదు, దానికి ఎదురుగా ఉన్న కాగితపు కొస. మనం తెలుగులో గుండునూ తూటానూ కలిపి వాడేస్తాం కాబట్టి ఈ తేడా మనకు కనబడదు. ఇంగ్లీషులో కొరికేది కార్ట్రిడ్జ్, జాతీయంలో ఉన్నది బుల్లెట్. ఆ సైనికులను చూసిన ఇంగ్లీషువాడు ఎవడూ ఆ రెంటినీ కలిపేసేవాడు కాదు.

ఇంకో సంగతి. తూటాను కొరకడం 1857లో కొత్తగా వచ్చిన పనేం కాదు. అంతకు ముందు వాడిన బ్రౌన్ బెస్ తుపాకీకీ కాగితపు తూటానే పళ్ళతో చింపేవాళ్ళు, యూరప్ సైన్యాలన్నిటిలో అదే అలవాటు. సైన్యంలో చేర్చుకునేటప్పుడు ముందుపళ్ళు ఉన్నాయో లేదో చూసేది కూడా అందుకే. సిపాయిలను మండించింది కొరకడం కాదు, ఆ కొవ్వు. 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అని మొదలైన పుకారు వారాల్లో కంటోన్మెంట్లన్నీ చుట్టేసింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు.

ఏప్రిల్ 24న మీరట్‌లో మూడో లైట్ కావల్రీ కర్నల్ కార్మైకేల్ స్మిత్ తొంభై మందిని పరేడ్‌కు పిలిచాడు. ఆ రోజు వాళ్ళకు ఇవ్వబోయినవి పాత రకం తూటాలే. పైగా పళ్ళతో కొరకనక్కర్లేదు, చేత్తో చింపవచ్చు అని చూపించడమే ఆ పరేడ్ ఉద్దేశం. అయినా ఎనభై ఐదు మంది తీసుకోం అన్నారు. వాళ్ళను కోర్ట్ మార్షల్ చేసి, మే 9న తోటి సైనికులందరి ముందు యూనిఫాం ఊడదీసి కాళ్ళకు సంకెళ్ళు వేశారు. మర్నాడే, మే 10న, మీరట్ లేచింది.

ఇప్పుడు ఆ ఎనభై ఐదు మందినీ ఈ జాతీయం పక్కన పెట్టి చూడండి. జాతీయం చెప్పేదేమిటి? తప్పదు కాబట్టి నోరు మూసుకుని కొరుకు, భరించు అని. వాళ్ళు చేసిందేమిటి? కొరకం అన్నారు. తాకనే తాకం అన్నారు. ఉద్యోగం, పింఛను, స్వేచ్ఛ అన్నీ పోతాయని తెలిసే అన్నారు. లొంగిపోయి భరించే మాటకు, లొంగని మనుషులను పుట్టుకగా అంటగడుతున్నాం. నాకు ఈ వాట్సాప్ సందేశం మీద కోపం రావడానికి కారణం ఇదే. తేదీ తప్పు కావడం ఒక ఎత్తు. ఆ మనుషులు చేసిన పనిని తిరగేసి చెప్పడం ఇంకో ఎత్తు.

తేదీ సంగతి కూడా తేల్చేద్దాం. ఏ జాతీయం పుట్టుక కథ విన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఒకటే: కథ జరిగిన సంవత్సరం కంటే ముందే ఆ మాటో, ఆ అలవాటో ఎక్కడైనా అచ్చులో కనబడుతోందా? కనబడితే కథ అక్కడితో సరి. ఇక్కడ అరవై ఏళ్ళకు పైగా ముందే కనబడుతోంది.

ఫ్రాన్సిస్ గ్రోస్ అని పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఒక విచిత్రమైన పండితుడు ఉండేవాడు. సర్రే మిలీషియాలో అధికారిగా పనిచేశాడు. పాత కోటలూ చర్చీలూ తిరిగి బొమ్మలు వేశాడు. వాటితో పాటు, పెద్దమనుషులు నిఘంటువుల్లోకి రానివ్వని మాటలన్నీ పోగేశాడు: దొంగల మాటలు, నావికుల మాటలు, సారాకొట్టు మాటలు, బారక్‌ల మాటలు. వాటితో 1785లో "ఎ క్లాసికల్ డిక్షనరీ ఆఫ్ ది వల్గర్ టంగ్" అనే నిఘంటువు వేశాడు. ఆయన 1791లో పోయాడు. మూడో ముద్రణ 1796లో వచ్చింది.

అందులో "నైటింగేల్" అనే మాట ఉంది. అందరికీ తెలిసిన అర్థం పాడే పిట్ట. సైనికుల మాటల్లో మాత్రం అర్థం వేరు. కొరడా దెబ్బలు పడుతున్నప్పుడు అరిచే సైనికుణ్ణి వాళ్ళు నైటింగేల్ అనేవారట. కొన్ని రెజిమెంట్లలో, ముఖ్యంగా గ్రెనేడియర్లు అనే ఏరిన సైనికుల్లో, ఎన్ని దెబ్బలు పడ్డా గొంతు విప్పకపోవడం పరువుగా భావించేవారనీ, నైటింగేల్ అనిపించుకోకుండా ఉండటానికి నోట్లో ఒక బుల్లెట్ పెట్టుకుని నమిలేవారనీ గ్రోస్ రాశాడు.

ఇది చదివితే చాలదు, ఆ శిక్ష ఎలా జరిగేదో తెలిస్తేగానీ దీని బరువు అర్థం కాదు. సార్జెంట్ల దగ్గర హాల్బర్డ్ అనే పొడుగు కర్ర ఈటెలు ఉండేవి. మూడింటిని కలిపి కట్టి ముక్కాలి పీటలా నిలబెట్టేవారు. సైనికుణ్ణి నడుము వరకూ బట్టలు విప్పి దానికి కట్టేవారు. చుట్టూ రెజిమెంట్ మొత్తాన్నీ చతురస్రంగా నిలబెట్టేవారు, చూడటం తప్పనిసరి. కొట్టేది డ్రమ్ములు వాయించేవాళ్ళు, అందులో కుర్రవాళ్ళూ ఉండేవారు. చేతిలో తొమ్మిది తాళ్ళ కొరడా, "క్యాట్ ఓ నైన్ టెయిల్స్". ఇరవై ఐదు దెబ్బలకు ఒకసారి మనిషి మారేవాడు, చెయ్యి అలిసిపోయి దెబ్బ తేలికపడకూడదని. పక్కనే డాక్టరు నిలబడి నాడి చూసేవాడు. ప్రాణం పోయేలా ఉంటే ఆపించడం, పుండ్లు మానాక మిగిలిన దెబ్బలు కొట్టించడం ఆయన పని. వందల దెబ్బలు మామూలు. వెయ్యి దెబ్బల శిక్షలు కూడా వేశారు.

అలాంటి చోట నోట్లో ఒక సీసపు గుండు పెట్టుకున్న మనిషిని ఊహించుకోండి. ఆ గుండు నొప్పిని ఇసుమంతైనా తగ్గించదు. అతను నొప్పి కోసం దాన్ని పెట్టుకోలేదు, గొంతు కోసం పెట్టుకున్నాడు. ఒళ్ళంతా వాళ్ళ చేతిలో ఉంది, అరుపు ఒక్కటే అతని చేతిలో మిగిలింది, దాన్ని వాళ్ళకు ఇవ్వదలచుకోలేదు. సీసం మెత్తటి లోహం, పంటి కింద అణుగుతుంది, పన్ను విరగదు. జేబులో ఎప్పుడూ ఉండేదీ అదే. కర్రముక్కో తోలుపట్టీయో వెతకాల్సిన పని లేదు.

ఆ కాలపు సైనికులకు నోట్లో గుండు పెట్టుకోవడం కొత్తేమీ కాదన్నది కూడా గుర్తుపెట్టుకోండి. త్వరగా తుపాకీ నింపడానికి సీసపు గుండ్లు బుగ్గన పెట్టుకునేవారు. యూరప్‌లో ఒక కోట గౌరవంగా లొంగిపోతే, లోపలి సైన్యానికి ఇచ్చే మర్యాదల్లో ఇదొకటి: జెండాలు ఎగురుతూ, డ్రమ్ములు మోగుతూ, నోట్లో గుండుతో బయటికి నడిచి రావచ్చు. మా చేతిలో ఇంకా ఆయుధం ఉంది, యుద్ధం చేయగలిగీ ఆపాం అని చెప్పడమన్నమాట. గ్రోస్ చెప్పిన గ్రెనేడియర్ పరువుకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉందని నా అభిప్రాయం.

కొరడా శిక్ష వెంటనే పోలేదు. 1846లో లండన్ దగ్గర హౌన్స్‌లో అనే చోటి సైనిక బారక్‌లో గుర్రపు దళమైన ఏడో హుస్సార్ల రెజిమెంట్‌కు చెందిన ఫ్రెడరిక్ జాన్ వైట్ అనే సైనికుడికి నూట యాభై దెబ్బలు కొట్టారు. జూన్‌లో దెబ్బలు పడ్డాయి, జూలైలో చనిపోయాడు. సైన్యం డాక్టర్లు వేరే జబ్బు పేరు చెప్పి పూడ్చేద్దామనుకున్నారు. చర్చి ఫాదర్ ఒప్పుకోకుండా, అనుమానపు చావులను విచారించే అధికారి కరోనర్‌కు కబురు పెట్టాడు. ఆ కరోనర్ థామస్ వాక్లీ, 1823లో "ది లాన్సెట్" అనే వైద్య పత్రిక పెట్టిన మనిషి. ఆయన విచారణలో మరణానికి కారణం కొరడా దెబ్బలే అని తేలింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ ఏడాదే దెబ్బల పరిమితిని యాభైకి దించారు. బ్రిటిష్ సైన్యంలో ఈ శిక్షను పూర్తిగా తీసేసింది 1881లో.

మన వైపు సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పాలి. కంపెనీ సైన్యంలో దేశీ సిపాయిలకు కొరడా దెబ్బలను విలియం బెంటింక్ 1835లో రద్దు చేశాడు, హార్డింజ్ 1845లో మళ్ళీ తెచ్చాడు. అంటే మీరట్ సిపాయిలకూ ఈ కొరడా తెలియనిది కాదు.

ఇప్పుడు మీ సారు చెప్పిన ఆపరేషన్ కథ. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. మత్తుమందు వచ్చిన 1846కు ముందు కాలో చెయ్యో తీసేయాల్సి వస్తే రోగికి సారా, నల్లమందు, నలుగురు పట్టుకునే మనుషులు, వీటికి మించి ఆసరా లేదు. పేరున్న సర్జన్ అంటే వేగంగా కోసేవాడు. నోట్లో ఏదో ఒకటి కరిచి పట్టుకోమనడం సహజం. కానీ వెల్లకిలా కట్టేసిన మనిషి నోట్లో గోళీకాయంత సీసపు గుండు పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఆనాటి సైనిక తుపాకీ మస్కెట్ గుండు దాదాపు 17 మిల్లీమీటర్లు. అది జారి గొంతుకు అడ్డం పడితే కాలు కోయకముందే ప్రాణం పోతుంది. తెలివున్న సర్జన్ తోలుపట్టీయో గుడ్డచుట్టో ఇస్తాడు. కొరడా దెబ్బలు తినే మనిషి నిలబడి, ముందుకు వాలి ఉంటాడు, అతనికి ఈ ప్రమాదం తక్కువ.

పాత యుద్ధభూముల్లో పంటి గాట్లున్న గుండ్లు దొరికాయి కదా అంటారు. దొరికాయి, మ్యూజియంలలో ఉన్నాయి కూడా. అయితే జాగ్రత్తగా చూసినప్పుడు వాటిలో చాలావాటి మీద ఉన్నవి పంది పళ్ళ గాట్లని తేలింది. మట్టిలో తిండి వెతుక్కునే పందులు వాటిని నమిలి వదిలేశాయి. మనిషి పంటి గాట్లున్నవీ ఉన్నాయి. కానీ దాహానికి నోరు తడారకుండా గుండు చప్పరించిన సైనికుడి గాటుకూ, ఆపరేషన్ బల్ల మీది గాటుకూ తేడా చెప్పే మార్గం లేదు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మళ్ళీ తేదీలే. సినిమాల్లో ఈ సీను ఎక్కువగా కనిపించేది అమెరికా అంతర్యుద్ధంలో, అంటే 1861 నుంచి 1865 మధ్య. కానీ ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చేయవచ్చని విలియం మోర్టన్ బోస్టన్‌లో అందరి ముందూ చూపించింది 1846 అక్టోబర్ 16న. అదే డిసెంబర్‌లో లండన్‌లో రాబర్ట్ లిస్టన్ ఈథర్ ఇచ్చి కాలు తీశాడు. మరుసటి ఏడాది నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం వాడాడు. అమెరికా అంతర్యుద్ధం నాటికి ఈ రెండు మందులూ సైన్యం డాక్టర్ల పెట్టెల్లో మామూలు వస్తువులు. ఉత్తరాది సైన్యం వైద్య చరిత్రే ఎనభై వేలకు తక్కువ కాకుండా మత్తు ఇచ్చినట్టు చెబుతుంది. మందు అందని చోట ఒకరో ఇద్దరో గుండు కొరికి ఉండవచ్చు, కానీ అది ఆ యుద్ధపు ఆనవాయితీ కాదు.

ఇక్కడ ఒక హైదరాబాదు సంగతి చెప్పకుండా ఉండలేను. క్లోరోఫాం వచ్చాక నొప్పి పోయింది కానీ కొందరు రోగులు బల్ల మీదే హఠాత్తుగా చనిపోయేవారు. చంపేది గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా అని ఇంగ్లండ్, స్కాట్లండ్ డాక్టర్లు దశాబ్దాలు తగువులాడుకున్నారు. ఆ తగువు తేల్చడానికి ప్రయోగాలు జరిగింది మన హైదరాబాదులో. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదలకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్, 1889లో రెండోది. రెండోదానికి నిజాం ఖర్చుతోనే లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. సైనికుడు వైట్ చావు మీద విచారణ జరిపిన వాక్లీ పెట్టిన పత్రికే అది. వందలాది జంతువుల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరే, ఊపిరి గమనిస్తే చాలు అని కమిషన్ తేల్చింది. గుండె కూడా హఠాత్తుగా ఆగుతుందని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాక ఆ తీర్పు పోయింది. కానీ ఆ కాలంలో హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివి మత్తు ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు మాత్రం మిగిలింది. ప్రపంచంలో తొలి మహిళా అనస్థటిస్టుగా ఆమెను చెప్పుకుంటారు. నోట్లో గుండు పెట్టే అవసరం లేకుండా చేసిన పనిలో మన ఊరి చెయ్యి కూడా ఉందని విద్యార్థులకు చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

సరే, అలవాటు 1796 నాటికి ఉంది. మరి అది మాటగా, అంటే నోట్లో ఏ గుండూ లేకుండానే వాడే జాతీయంగా ఎప్పుడు మారింది? నిఘంటువులు చూపించే తొలి వాడుక 1891 నాటి రడ్‌యార్డ్ కిప్లింగ్ నవల "ది లైట్ దట్ ఫెయిల్డ్"లో ఉంది. అందులో చిత్రకారుడు డిక్‌కు చూపు పోతుంది. భయంతో కేకలు పెడుతుంటే స్నేహితుడు గట్టిగా పట్టుకుని, బుల్లెట్ కొరికి పట్టుకో, నువ్వు భయపడుతున్నావని వాళ్ళకు తెలియనివ్వకు అంటాడు. కిప్లింగ్ రాసింది "బైట్ ఆన్ ది బుల్లెట్" అని. మధ్యలోని "ఆన్" తర్వాతి కాలంలో రాలిపోయింది.

ఆ రెండో సగం మళ్ళీ చదవండి. నువ్వు భయపడుతున్నావని వాళ్ళకు తెలియనివ్వకు. ఆపరేషన్ బల్ల మీద రోగికి ఈ మాట ఎవరూ చెప్పరు. అక్కడ "వాళ్ళు" అనేవాళ్ళు లేరు, ఉన్నది కాపాడటానికి వచ్చిన డాక్టరు. చుట్టూ నిలబడి చూస్తున్న వాళ్ళ ముందు బయటపడకూడదన్న తపన కొరడా దెబ్బల చతురస్రానిది. గ్రోస్ చెప్పిన గ్రెనేడియర్ పరువే తొంభై ఐదేళ్ళ తర్వాత కిప్లింగ్ వాక్యంలో వినిపిస్తోంది. కిప్లింగ్ లాహోర్‌లో పత్రికలో పనిచేసిన రోజుల్లో బ్రిటిష్ సైనికుల కబుర్లు దగ్గరగా విన్నవాడు. కొరడా రద్దయి అప్పటికి కొద్ది ఏళ్ళే. పాత సైనికుల నోట ఆ జ్ఞాపకం బతికే ఉండాలి. అందుకే నేను కొరడా వైపే మొగ్గుతాను. ఇది నా తీర్పు, దానికి ఆధారం ఈ రెండు వాక్యాల పోలిక.

తర్వాతి ప్రయాణం త్వరగా చెప్పేస్తాను. 1923 నాటికి పి.జి. వోడ్‌హౌస్ హాస్య కథల్లో, చెడ్డ కబురు చెప్పబోయే ముందు "ధైర్యం తెచ్చుకో" అనే అర్థంలో వాడేశాడు. అంటే అప్పటికే అందరికీ తెలిసిన మాట. రాజకీయాల్లోకి దీన్ని గట్టిగా లాక్కొచ్చింది అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్. వియత్నాం యుద్ధ ఖర్చుతో బడ్జెట్ లోటు పెరిగి పన్ను మీద పది శాతం అదనపు పన్ను వేయాల్సి వచ్చినప్పుడు, 1968లో, అది ఎన్నికల ఏడాది అయినా సరే కాంగ్రెస్ సభ్యులు బుల్లెట్ కొరకాలి అన్నాడు. ఇవాళ పెట్రోలు ధర పెంచినా, సబ్సిడీ తగ్గించినా ఇంగ్లీషు పత్రికల హెడ్డింగుల్లో ఈ మాట కనబడటం ఆ దారిలో వచ్చిందే. మొదట దెబ్బలు తినేవాడి మాట, తర్వాత నిర్ణయం తీసుకునేవాడి మాట అయింది. నొప్పి మాత్రం చాలాసార్లు మూడోవాడికి పడుతుంది. ప్రభుత్వం బుల్లెట్ కొరికింది అని చదివినప్పుడు దెబ్బ ఎవరి వీపు మీద పడిందో చూడటం నాకు అలవాటు, మీరూ చేసుకోండి.

తత్వశాస్త్రం చదివేవాళ్ళకు ఇంకో వాడుక ఎదురవుతుంది. ఒక సిద్ధాంతాన్ని నమ్మినందుకు మింగుడుపడని ఫలితం ఒకటి ఒప్పుకోవాల్సి వస్తుంది. సిద్ధాంతాన్ని వదులుకోకుండా ఆ ఫలితాన్నే ఒప్పేసుకుంటే, ఆయన ఆ చోట బుల్లెట్ కొరికాడు అంటారు.

వాడేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. "ఎ బుల్లెట్" కాదు, ఎప్పుడూ "ది బుల్లెట్". భూతకాలం "బిట్", పూర్తయిన క్రియకు "బిటెన్". "ది బుల్లెట్ వాజ్ బిటెన్" అని కర్మణిలోకి తిప్పకండి, వినడానికి జాతీయంలా ఉండదు. వెనక ఇంకో పని చెప్పాలంటే "అండ్" పెట్టి చెప్పండి: "షి బిట్ ది బుల్లెట్ అండ్ రిజైన్డ్". దీనితో కలిపేసుకునే మాటలు మరో రెండున్నాయి. "డాడ్జ్ ఎ బుల్లెట్" అంటే పెద్ద ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పడం, సరిగ్గా దీనికి ఎదురు. "బైట్ ది డస్ట్" అంటే మట్టికరవడం, ఓడిపోవడమో చావడమో. మన తెలుగులోనూ మట్టి కరిచాడు అంటాం కాబట్టి అది సులువుగా గుర్తుంటుంది. పరీక్షలో మూడూ ఒకే ప్రశ్నలో ఇవ్వడం మామూలే.

మీ పరీక్ష సంగతికొస్తే, అర్థం అడిగితే "తప్పించుకోలేని బాధాకరమైన పనిని ధైర్యంగా ఎదుర్కోవడం" అన్న ఐచ్ఛికం గుర్తించండి. పుట్టుక గురించి రాయమంటే, బ్రిటిష్ సైన్యంలో కొరడా దెబ్బలు తినేటప్పుడు అరవకుండా గుండు నమిలే అలవాటును గ్రోస్ నిఘంటువు 1796 ముద్రణ చెబుతోందనీ, జాతీయంగా తొలి వాడుక 1891లో కిప్లింగ్‌ దగ్గర కనిపిస్తుందనీ, మత్తుమందు లేని ఆపరేషన్ల కథ కూడా ప్రచారంలో ఉందనీ రాయండి, చాలు. కీలో 1857 అని ఇచ్చి ఉంటే మాత్రం వదిలేయకండి, గ్రోస్ 1796 ముద్రణ చూపించి అభ్యంతరం పెట్టండి.